ఇంటి స్టూడియోకు ఇంటర్‌ఫేస్ ఎంపిక : కొన్ని ఆలోచనలు

విల్లు విడిచిన బాణాన్ని, నోరు విడిచిన మాటను వెనుకకు తీసుకోలేమని పెద్దలు చెబుతారు. నీతి విషయంలో ఈ మాట నేటికీ సత్యమే. ధ్వని విషయంలో మాత్రం 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టిన నాటి నుండి దీని బలం కొంత తగ్గినదని ఒప్పుకోవాలి. 1902లో కలకత్తా నగరంలో గౌహర్ జాన్ గానాన్ని గ్రామఫోన్ కంపెనీ వారు రికార్డు చేయడంతో ఆ సౌకర్యం మన దేశపు గాయకుల ముంగిటికి వచ్చింది. 1935లో హైదరాబాదులో దక్కన్ రేడియో ఆరంభమై ఉర్దూతో పాటు తెలుగును కూడా శ్రోతలకు వినిపించింది. 1963లో ఫిలిప్స్ సంస్థ కాసెట్టును ప్రవేశపెట్టిన తరువాత ధ్వనిముద్రణ క్రమంగా సామాన్యుని చేతికి అందింది. నేడు ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, ఆ రెంటి నడుమ అరచేతికి కొంచెం పెద్దదైన ఒక పెట్టె ఉన్నచో నివాసగృహమే ధ్వనిముద్రణాలయం కాగలదు.

ఆ చిన్న పెట్టె పేరే ఆడియో ఇంటర్‌ఫేస్.

గత కొన్ని సంవత్సరాలుగా మా తరగతి గదిలో పద్యం ముగిసి గంట మ్రోగిన తరువాత మమ్మల్ని చుట్టుముట్టే విద్యార్థులలో కనీసం ఒకరైనా ఈ పెట్టెను గురించి అడగని నెల లేదు. మేడ్చల్ నుండి వచ్చే వారు కొందరు, శామీర్‌పేట నుండి వచ్చే వారు కొందరు. ఒకరికి నాతులు పాడి రికార్డు చేయాలని కోరిక, మరొకరికి లఘుచిత్రాలకు గాత్రం అందించాలని తపన, ఇంకొకరికి ర్యాప్ గీతాల మీద మోజు. అందరి ప్రశ్న ఒక్కటే: “సార్, ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకుంటున్నాం. ఏ ఇంటర్‌ఫేస్ తీసుకోమంటారు?” తెలుగు బోధించే వారిని ఈ ప్రశ్న అడగడం వింతగా తోచవచ్చు. కాని సాహిత్యం అక్షరంగా మారక పూర్వం గొంతుగానే జీవించింది గదా! గొంతును నిలిపే పరికరాన్ని గురించి సాహిత్య విద్యార్థి ఆలోచించడం అనుచితమని మేము తలచము.

మా సమాధానాన్ని ముందుగానే చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాము. ఇంటర్‌ఫేస్‌ను పెట్టె మీద అచ్చు వేసిన అంకెలను బట్టి ఎన్నుకోరాదు. దాని ముందు కూర్చోబోయే గొంతులను బట్టి ఎన్నుకోవాలి. ఆ విధంగా ఆలోచించిన వారికి మన ప్రాంతపు ఇండ్లలో రెండు సమానమైన ఇన్‌పుట్‌లు గల సామాన్యమైన పరికరం సరిపోతుంది. మిగిలిన సొమ్మును, శ్రద్ధను వేరే చోట వినియోగించడం మేలు.

ముందుగా ఆ పెట్టె చేసే పనిని తెలుసుకొందాము. మైకు నుండి వెలువడే విద్యుత్ సంకేతం మిక్కిలి బలహీనమైనది. దానిని పెంచడం మొదటి పని; ఆ పెంపునే గెయిన్ అంటారు. పెరిగిన సంకేతాన్ని అంకెలుగా మార్చి యూఎస్‌బి కేబుల్ ద్వారా కంప్యూటరుకు పంపడం రెండవ పని. కంప్యూటరు నుండి తిరిగి వచ్చిన అంకెలను మరల ధ్వనిగా మార్చి హెడ్‌ఫోనుకు అందించడం మూడవ పని. ఈ మూడు పనులను నమ్మకంగా, తన సొంత రొద కలుపకుండా చేయగలిగినదే మంచి ఇంటర్‌ఫేస్. తక్కిన హంగులన్నీ దీని తరువాతనే.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మూడేండ్ల క్రితం, మొహర్రం నెలకు కొన్ని రోజుల ముందు, శామీర్‌పేట చెరువుకు ఆవలి వైపు ఉన్న ఒక పల్లెలో ఇద్దరు వృద్ధులు పీర్ల పాటలు చక్కగా పాడుతారని మా విద్యార్థి ఒకడు చెప్పాడు. ఒకరు తాళ్ళెక్కి కల్లు గీసిన తాత. రెండవ వారు దర్జీ పని చేసిన చాచా. నలభై ఏండ్లుగా ఒకరు పాట ఎత్తుకుంటే మరొకరు అందుకొనేవారట. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగ హిందువులు, ముస్లిములు కలిసి చేసుకొనేదని మనకు తెలిసినదే. ఆచారం యొక్క మంచిచెడ్డలను గురించి మన ఇండ్లలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి. ఆ చర్చ ఇక్కడ మా విషయం కాదు. తెలుగు మాటలతో కర్బలా శోకాన్ని పాడిన గొంతులు మన చుట్టూ ఉన్నవనుట మాత్రం ఎవరూ కాదనలేని సంగతి.

మేము, ఇద్దరు విద్యార్థులు కలిసి వెళ్ళాము. పెద్ద యంత్రమైతే పని గొప్పగా జరుగుతుందనే భ్రమతో ఒక మిత్రుని వద్ద ఎనిమిది ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్‌ను అరువు తీసుకొన్నాము. పల్లెకు చేరి చూచుకొంటే మా ల్యాప్‌టాప్ దానిని గుర్తించలేదు. దానికి ప్రత్యేకమైన డ్రైవర్ కావాలి. ఫోను సిగ్నలు అందే చోటు వెదకి, ఆ సాఫ్ట్‌వేరును దించుకొనే సరికి గంట గడిచింది. అప్పుడు కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నది గాని, ఆ పెద్ద పెట్టె గోడ ప్లగ్గు లేనిదే వెలగదు. ఇద్దరు పెద్దలూ ఓపికతో కూర్చున్నారు. చాచా టీ తెప్పించి మాకే మర్యాద చేశారు. చివరకు చేసేది లేక మొబైల్ ఫోనులో రికార్డు చేసుకొని వచ్చాము.

కరెంటు తిరిగి వచ్చిన తరువాత పాడిన పాటలూ ఆ ఫోనులోనే ఉన్నవి. ఇంటికి వచ్చి వింటే ఏమున్నది? ఫోను తనంతట తానే ధ్వనిని హెచ్చించుట, తగ్గించుట చేసింది. తాత గొంతు ఎత్తుకొన్న చోట దానిని అణచివేసింది. ఆయన ఊపిరి పీల్చుకొన్న చోట పక్క పొలంలోని బోరు మోటారు రొదను పైకి లేపింది. రెండు గొంతులు ఒకదానిపై ఒకటి పడి ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. సరే, వచ్చే ఏడు మరల వెళదామని అనుకొన్నాము.

మరుసటి ఏడు రెండు ఇన్‌పుట్‌ల చిన్న ఇంటర్‌ఫేస్‌తో వెళ్ళాము. అది ల్యాప్‌టాప్ నుండే విద్యుత్తు తీసుకొంటుంది. రెండు నిమిషాలలో అంతా సిద్ధమయింది. కాని ఆ చలికాలంలోనే చాచా కాలం చేశారట, మాకు తెలియదు. తాత మమ్మల్ని చూచి, “చాచా లేకపాయె సారూ. అందుకునే గొంతు లేనిదే పాట ఎట్ల నిలుస్తది?” అన్నాడు. అయినా మా కోసం పాడాడు. ఆ రికార్డు ఎంతో స్పష్టంగా ఉన్నది. రెండవ మైకు మాత్రం సంచిలోనే ఉండిపోయింది.

ఆనాటి నుండి ఎవరు ఇంటర్‌ఫేస్‌ను గురించి అడిగినా మేము ఎదురు ప్రశ్న వేస్తున్నాము: ముందుగా ఎవరి గొంతును రికార్డు చేయబోతున్నావు?

ఈ ప్రశ్నకు మన ఇండ్లలో సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. ఒక్కొక్క జవాబు పరికరంలో ఒక్కొక్క గుణాన్ని కోరుతుంది.

మొదటిది ఒంటరి గొంతు. అది విద్యార్థి సొంత గాత్రం కావచ్చు, కథ చెప్పే నానమ్మ గొంతు కావచ్చు. వృద్ధుల గొంతు సన్నగా ఉంటుంది. వారిని బిగ్గరగా మాట్లాడమనడం భావ్యం కాదు. కనుక ఇంటర్‌ఫేస్‌కు చాలినంత గెయిన్ ఉండాలి. మైకులలో డైనమిక్, కండెన్సర్ అని రెండు ప్రధాన జాతులు కలవు. కండెన్సర్ మైకుకు ఇంటర్‌ఫేస్ నుండి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అవసరం. అది సున్నితమైనది కనుక గదిలోని ఫ్యాను చప్పుడును కూడా వింటుంది. డైనమిక్ మైకుకు ఆ విద్యుత్తు అక్కరలేదు. మైకును నోటికి దగ్గరగా ఉంచినచో దూరపు రొదను అంతగా పట్టించుకోదు, కాని గెయిన్ ఎక్కువ కోరుతుంది. ఉదాహరణకు షూర్ సంస్థవారి ఎస్ఎం7బి మైకుకు కనీసం 60 డెసిబెళ్ళ గెయిన్ కావాలి. ఫోకస్‌రైట్ సంస్థవారి స్కార్లెట్ 2ఐ2 ఇంటర్‌ఫేస్ మూడవ తరంలో, అనగా 2019 నాటి నమూనాలో, గెయిన్ 56 డెసిబెళ్ళు మాత్రమే. 2023లో వచ్చిన నాలుగవ తరంలో అది 69కి పెరిగింది. ఒకే పేరు గల పరికరంలోనే ఇంత భేదం ఉన్నప్పుడు, పేరును మాత్రమే చూచి కొనడం ఎంత పొరపాటో గ్రహించగలరు. గెయిన్‌తో పాటు పరికరపు సొంత రొదను తెలిపే అంకెను కూడా చూడాలి. అది మైనస్ 127, 128 డీబీయూల ప్రాంతంలో ఉన్నచో ఇంటి పనికి ఎంతో చాలును. ప్రకృతి నియమం ప్రకారం సాధారణ మైకుకు మైనస్ 131కి దిగువకు పోవడం సాధ్యం కాదు కనుక, ఆ చివరి రెండు మూడు డెసిబెళ్ళ కోసం రెట్టింపు ధర చెల్లించడం మా దృష్టిలో వ్యర్థం.

రెండవది జంట గొంతు. పీర్ల పాటలో ఎత్తుకొనేవారు, అందుకొనేవారు వేరు. ముషాయిరాలో కవి, అధ్యక్షుడు వేరు. ప్రశ్న అడిగే మనుమడు, జవాబు చెప్పే తాత వేరు. ఇద్దరికీ చెరియొక మైకు ఉన్నచో వారి గొంతులను చాలవరకు విడివిడిగా భద్రపరచి, తరువాత తగిన పాళ్ళలో కలుపుకోవచ్చు. బుర్రకథ సంగతి ఏమిటని అడగవచ్చు. గుంటూరు సీమకు చెందిన షేక్ నాజర్, 1986లో పద్మశ్రీ అందుకొన్న మహా కళాకారుడు, ఆ కళకు దేశఖ్యాతి తెచ్చిన సంగతి ఈ పత్రిక పాఠకులకు తెలియనిది కాదు. బుర్రకథలో కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు. అయినప్పటికీ కథకుని ముందు ఒక మైకు, వంతల ఇద్దరి నడుమ ఒక మైకు ఉంచితే పని నెరవేరుతుంది. ఇంటి గదిలో ఇంతకంటె పెద్ద బృందాన్ని కూర్చోబెట్టే సందర్భం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? రాని అతిథుల కోసం ఎనిమిది కుర్చీలు కొన్నట్లే, రాని గొంతుల కోసం ఎనిమిది ఇన్‌పుట్‌లు కొనడం.

మూడవది పాత గొంతు. దీనిని చాలామంది మరచిపోతారు. 1970ల నుండి మన హైదరాబాదు పరిసరాల నుండి గల్ఫ్ దేశాలకు ఉద్యోగాలకు వెళ్ళిన వారు ఉత్తరాలకు బదులుగా కాసెట్లలో మాట్లాడి పంపేవారు. ఇంటివారంతా టేప్‌రికార్డరు చుట్టూ కూర్చొని వినేవారు. మరల తమ మాటలు రికార్డు చేసి పంపేవారు. మా ఇంటి ట్రంకు పెట్టెలో కూడా అటువంటి కాసెట్లు పదకొండు దొరికినవి. అందులో ఒకదానిలో మా తాతగారు మా నాన్నగారికి జిద్దా నుండి బియ్యం ధర అడుగుతారు, అమ్మ ఆరోగ్యం అడుగుతారు, మధ్యలో ఒక నిమిషం ఏమీ మాట్లాడరు. ఆ మౌనంలో వీధిలోని కారు హారన్లు వినిపిస్తాయి. అయస్కాంతపు పొర కాలక్రమేణా చెడిపోతుంది, టేపు అతుక్కుపోతుంది, దానిని నడిపే యంత్రాలు బాగుచేసే వారు కరువవుతున్నారు. అటువంటి కాసెట్లు మీ ఇండ్లలోనూ ఉండవచ్చు.

వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలంటే ఎడమ, కుడి ధ్వనులను ఒకేసారి అందుకొనే రెండు లైన్ ఇన్‌పుట్‌లు అవసరం. చౌకగా లభించే ఒంటి మైకు ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటికి ఈ సౌకర్యం లేదు. పెట్టె మీద రెండు రంధ్రాలు కనిపించినప్పటికీ, ఒకటి మైకుకు మాత్రమే, రెండవది గిటారుకో లైనుకో మాత్రమే అయి ఉంటుంది. స్కార్లెట్ సోలో అట్టి అమరిక గలదే. తన ఒక్క గొంతును రికార్డు చేసుకొనే వారికి అది చక్కని పరికరమే. జంట గొంతుకు, పాత కాసెట్టుకు మాత్రం చాలదు. అందువలననే రెండు ఇన్‌పుట్‌లు ‘సమానమైనవి’ కావాలని మేము నొక్కి చెబుతున్నాము. రెండూ మైకును, రెండూ లైనును స్వీకరించగలగాలి. స్కార్లెట్ 2ఐ2, మోటు ఎం2, స్టైన్‌బర్గ్ యూఆర్22సి, యూనివర్సల్ ఆడియో వోల్ట్ 2, ఇంకా తక్కువ ధరలో బెహ్రింగర్ యూఎంసి202హెచ్‌డి — ఇవన్నీ ఈ లక్షణం కలవే. వీటిలో ఏది కొన్నా ఇంటి స్టూడియోకు లోటు ఉండదు. వీటి నడుమ గల భేదాలు మన గదిలో వీచే ఫ్యాను గాలి ముందు నిలిచేవి కావు.

ఇక విద్యుత్తు, డ్రైవర్ల సంగతి. పైన పేర్కొన్న అయిదు పరికరాలు యూఎస్‌బి ద్వారానే విద్యుత్తు తీసుకొనగలవు. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంత సేపు పని ఆగదు. ప్రత్యేక డ్రైవర్ లేకుండానే కంప్యూటరు గుర్తించే పరికరాన్ని ‘క్లాస్ కంప్లయంట్’ అంటారు. మ్యాక్, లినక్స్ యంత్రాలకు ఈ గుణం ముఖ్యం. విండోస్ వాడేవారు మాత్రం తయారీదారు ఇచ్చే ఏసియో డ్రైవరును ముందుగానే ఇంటి వద్ద ఎక్కించి, పరీక్షించి ఉంచుకోవాలి. స్టైన్‌బర్గ్ సంస్థ 1990లలో రూపొందించిన ఈ పద్ధతి వలన ధ్వని కంప్యూటరులో ఎక్కువ ఆలస్యం కాకుండా తిరిగి వస్తుంది. ఆ ఆలస్యాన్ని లేటెన్సీ అంటారు. సెకనుకు 48,000 నమూనాల చొప్పున రికార్డు చేస్తూ, 128 నమూనాల బఫరు పెట్టుకొంటే ఒక దిశలో ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే. దానినే 1,024కు పెంచితే 21 మిల్లీసెకన్లు దాటుతుంది. పాడేవాని గొంతు వాని చెవికి ప్రతిధ్వని వలె తిరిగి వచ్చి తాళం తప్పిస్తుంది. డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉన్నచో మైకు ధ్వని కంప్యూటరు వరకు పోకుండానే హెడ్‌ఫోనుకు అందుతుంది గనుక ఈ చిక్కు తొలగుతుంది. కొనే ముందు ఆ మీట ఉన్నదో లేదో చూచుకోవడం మంచిది.

పెట్టెల మీద 192 కిలోహెర్ట్‌జ్ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. మన కుర్రకారు దానికి మోసపోతున్నారు. మానవుని చెవి వినగలిగినది సుమారు 20 హెర్ట్‌జ్ నుండి 20,000 హెర్ట్‌జ్ వరకు మాత్రమే. ఆ ధ్వనిని సంపూర్ణంగా పట్టుకొనుటకు దాని రెట్టింపుకు కొంచెం మించిన నమూనాలు చాలునని గణితశాస్త్రం ఋజువు చేసింది. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కుకు 44,100ను ఎన్నుకొనుటలో ఈ నియమాన్నే పాటించారు. కనుక 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లు మన అవసరాలకు పుష్కలం. ఈ లెక్కన ఒక మైకు ధ్వనికి గంటకు సుమారు 518 మెగాబైట్లు పడుతుంది. 192కు పోతే దానికి నాలుగింతలు. చెవికి వినిపించని దానికి డిస్కును నింపడం ఎందుకు? 24 బిట్ల విషయం మాత్రం వేరు. 16 బిట్లలో అత్యల్ప, అత్యధిక ధ్వనుల నడుమ సిద్ధాంతరీత్యా 96 డెసిబెళ్ళ ఎడం ఉంటే, 24 బిట్లలో 144 ఉంటుంది. అందువలన గెయిన్‌ను కొంచెం తగ్గించి, మీటరు మైనస్ 12 దాటకుండా ఉంచుకొన్నా నష్టం లేదు; గాయకుడు అకస్మాత్తుగా ఎత్తుకొన్నా గొంతు పగలదు. ఒకసారి పగిలిన ధ్వనిని అతికించడం బహు కష్టం.

మరి మిగిలిన సొమ్మును ఎక్కడ వినియోగించాలి? గదిలో! మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. లారీల రొద రాత్రింబవళ్ళు తగ్గదు. ఆ ఊరి గుండానే నిజామాబాదు వైపు రైలు మార్గం కలదు. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి, ఈ రెంటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు ఉన్నవి. హకీంపేట వైమానిక స్థావరం నుండి శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు ఎగురుతాయి. ఇవి చాలవన్నట్లు ఇంటింటా బోరు మోటారు, ఫ్యాను, ఫ్రిజ్. స్లాబు ఇండ్ల బోడి గోడలు ధ్వనిని బంతి వలె తిప్పికొడతాయి. వేల రూపాయల ఇంటర్‌ఫేస్ ఈ రొదను మరింత స్పష్టంగా రికార్డు చేయగలదే తప్ప, తొలగించలేదు.

దీనికి మన పెద్దల ఇండ్లలోనే మందు కలదు. బట్టల బీరువాలు, పుస్తకాల అరలు గల చిన్న గది ఎన్నుకోవాలి. నేలపై జంపఖానా పరచి, పాడేవాని వెనుక గోడకు రెండు బొంతలు వ్రేలాడదీయాలి. ఫ్యాను, ఫ్రిజ్ కొంతసేపు ఆపాలి. తరువాత ఫ్రిజ్‌ను మరల వేయడం మరచిపోరాదు! తెల్లవారుజామున, ఫజర్ నమాజు తరువాత లోకం మేల్కొనక ముందు దొరికే అరగంటను మించిన స్టూడియో లేదు. మైకును నోటికి రెండు జానల దూరం నుండి ఒక జానెడు దూరానికి తెచ్చినచో గొంతు బలం దాదాపు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. గది రొద పెరగదు. ఇంత లాభాన్ని ఉచితంగా ఇచ్చే మార్గాన్ని వదలి, దుకాణం వైపు పరుగెత్తడం వివేకం కాదు. మొత్తం సొమ్ములో సగానికి మించి ఇంటర్‌ఫేస్‌కు పెట్టరాదని మా అభిప్రాయం. మిగిలిన సగంలో ఒక మంచి మైకు, స్టాండు, గట్టి కేబుల్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోను వస్తాయి. కోఠీలోని గుజరాతీ గల్లీలో కొన్నా, వేరెక్కడ కొన్నా బిల్లు, వారంటీ కాగితం తీసుకోవాలి. పేరున్న మైకులకు నకళ్ళు లోకమంతటా చెలామణి అవుతున్నవని మరువరాదు. సాఫ్ట్‌వేరు కోసం డబ్బు ఖర్చు చేయనవసరం లేదు; 2000 సంవత్సరం నుండి ఆడాసిటీ ఉచితంగానే లభిస్తున్నది.

మా అభిప్రాయాన్ని అంగీకరించని వారు ఇద్దరు ఉంటారు. మొదటి వారు, “ఫోను ఉండగా ఇదంతా ఎందుకు?” అంటారు. ఫోనును మేము తిరస్కరించము. ఏమీ లేనప్పుడు ఫోనే మేలు. ఫోనులో కూడా నాణ్యమైన రికార్డింగ్ ఆప్‌లు కొన్ని స్వయంచాలక హెచ్చుతగ్గులను ఆపివేసే వీలు కల్పిస్తాయి. అయినప్పటికీ రెండు గొంతులకు రెండు మైకులు పెట్టి విడివిడిగా నిలుపుటకు, కాసెట్టును ఎక్కించుటకు అది చాలదు. రెండవ వారు, “రేపు పెద్ద బృందం వస్తే ఏం చేస్తారు? ఒకేసారి పెద్దది కొంటే పోదా?” అంటారు. ఈ మాటలో న్యాయం లేకపోలేదు. వాద్యబృందం ఉన్నవారికి, డ్రమ్ములు రికార్డు చేసేవారికి ఎనిమిది ఇన్‌పుట్‌లు అవసరమే. కాని రేపటి బృందం కోసం నేటి వృద్ధుణ్ణి ఆపమని చెప్పగలమా? పెద్ద పరికరం కోసం డబ్బు కూడబెడుతూ రెండేండ్లు గడిపిన విద్యార్థులను మేము చూచాము. ఆ రెండేండ్లలో వారు రికార్డు చేసినది శూన్యం.

ఆచార్య బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి, 1958లో గ్రంథం వెలువరించారు. ఆ కృషి వలన ఎన్నో పాటల మాటలు మనకు దక్కినవి. పాడిన గొంతును నిలుపుట మాత్రం అచ్చుకు సాధ్యం కాదు. ఏ అక్షరం దగ్గర గొంతు వణికిందో, ఏ చోట తాత నవ్వాడో, దక్కనీ ఉర్దూ మాటను తెలుగు నాలుక ఎట్లా పలికిందో అచ్చులోకి రాదు. ఆ పని మన తరానికి మిగిలి ఉన్నది. దానికి కావలసిన పరికరం నేడు ఒక మధ్యరకపు ఫోను ధరకు మించనిది.

కనుక మా కళాశాల పెద్దలకు ఒక విన్నపం. గ్రంథాలయంలో పుస్తకాలను అరువు ఇచ్చినట్లే, రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఒకటి, రెండు డైనమిక్ మైకులు, రెండు హెడ్‌ఫోన్లు, ఒక పాత కాసెట్ ప్లేయరు గల సంచిని విద్యార్థులకు వారం రోజుల చొప్పున అరువు ఇచ్చే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. సంచి తీసుకొన్న ప్రతి విద్యార్థి తన సొంత పాట ఏదైనా రికార్డు చేసుకోవచ్చు. దానితో పాటు తన ఇంటిలోనో, వీధిలోనో ఉన్న ఒక పెద్దవారి గొంతును వారి అనుమతితో రికార్డు చేసి, పేరు, ఊరు, తేదీ వ్రాసి, ఒక ప్రతిని ఆ ఇంటికి, ఒక ప్రతిని గ్రంథాలయానికి ఇవ్వాలి. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి చేయదగిన పనులలో ఇంతకంటె సులభమైనది, ఉపయుక్తమైనది మాకు కనిపించుట లేదు.

ప్రియ విద్యార్థులారా! ఏ ఇంటర్‌ఫేస్ కొనాలని రేపు మరల అడుగుతారు. పైన చెప్పిన అయిదింటిలో మీ శక్తికి తగినది కొనండి, ఎక్కువ ఆలోచించకండి. అంతకు ముందు ఈ రాత్రి ఇంటికి వెళ్ళి, ట్రంకు పెట్టెలో కాసెట్లు ఉన్నవేమో చూడండి. పల్లెలో ఉన్న నానమ్మకు ఫోను చేసి, వచ్చే ఆదివారం ఇంట్లో ఉంటారా అని అడగండి. మా సంచిలోని రెండవ మైకు ఇప్పటికీ కొత్తగానే ఉన్నది. దానిని ఎవరు ముందు అడిగితే వారికి ఇస్తాము.